విడాకుల కేసు: వకీల్ సాబ్ దగ్గరకు పోయే ముందు నుంచి డిక్రీ కాపీ చేతికొచ్చే దాకా

మా చెల్లె కేసు నల్గొండ కోర్టుల నడిచినన్ని రోజులు వాయిదా వాయిదాకు వెంట పోయింది నేనే. అప్పటి నుంచి చుట్టాలల్ల, ఊర్ల ఎవరింట్ల ఇసొంటి గొడవ వచ్చినా "అక్కా, ముందుగాల ఏం చేయాలె, ఏ వకీల్ దగ్గరకు పోవాలె" అని ఫోన్ చేస్తున్రు. ఒక్కొక్కరికి గంట గంట చెప్పేకంటే అంతా ఒక్క దగ్గర రాస్తే నయమని రాస్తున్న.

విడిపోవాల్నా వద్దా అనేది మీరు తేల్చుకోవాల్సిన సంగతి, దాని జోలికి నేను పోను. నేను వకీల్‌ని కూడా కాదు, మీ కేసుల ఆఖరి మాట మీ వకీల్‌నే అడగుండ్రి. ఇంట్ల కొడుతున్రు, ప్రాణానికి భయం ఉంది అంటే మాత్రం ఇది చదువుకుంట కూసోవద్దు, ముందు 112కో 181కో ఫోన్ చేయుండ్రి, జిల్లా సఖి సెంటర్‌కు (ఆపదల ఉన్న ఆడోళ్లకు సాయం చేసే సర్కారు కేంద్రం) పోండ్రి. కేసు సంగతి తర్వాత.

## 1. బాండు పేపర్ మీద రాసుకున్నది విడాకులు కాదు

మన దిక్కు ఎక్కువమంది చేసే తప్పు ఇదే కాబట్టి దీంతోనే మొదలుపెడుతున్న. పెద్దమనుషులు కూసుంటరు, ఇన్ని లక్షలని మాట్లాడుతరు, వంద రూపాయల బాండు పేపర్ మీద "ఈ రోజు నుంచి ఒకరితో ఒకరికి సంబంధం లేదు" అని రాసి ఇద్దరితోటి, సాక్షులతోటి సంతకాలు పెట్టించి నోటరీ కూడా కొట్టిస్తరు. ఇగ అయిపోయింది అనుకుని ఎవరింటికి వాళ్లు పోతరు. చట్టం లెక్కల ఆ ఇద్దరు ఇంకా మొగుడూ పెళ్లాలే.

హిందూ వివాహ చట్టం సెక్షన్ 29ల కుల ఆచారం ప్రకారం అయ్యే విడాకులకు చిన్న దారి ఉన్నమాట నిజమే. కానీ ఆ ఆచారం తరాల నుంచి ఉన్నదని సాక్ష్యంతోటి కోర్టుల రుజువు చేయాలె, అది ఎంత కష్టమో చూసినోళ్లకే తెలుస్తది. దాన్ని నమ్ముకుని ఇంకో పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద కేసు అయితది, 7 ఏండ్ల దాకా శిక్ష ఉంది. రెండో పెళ్లి చెల్లదు, ఆ వచ్చిన అమ్మాయి బతుకు కూడా ఆగమైతది.

ఇప్పటికే రాసుకున్నోళ్లు ఏం చేయాలె అంటే, ఆ కాగితం చింపొద్దు. ఏ రోజు నుంచి విడిగా ఉంటున్రో చెప్పడానికి, ఎంత పైసలు చేతులు మారినయో చూపెట్టడానికి అది పనికొస్తది. ఇద్దరికీ ఇష్టమే ఉంటే దాన్ని పట్టుకుని పోయి కింద 7ల చెప్పిన పద్ధతిల కోర్టుల వేసుకోండ్రి.

## 2. మీకు ఏ చట్టం, ఏ కోర్టు

హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు 1955 హిందూ వివాహ చట్టం. స్పెషల్ మ్యారేజ్ కింద రిజిస్టర్ ఆఫీసుల చేసుకున్నోళ్లకు 1954 చట్టం. క్రైస్తవులకు 1869 చట్టం. ముస్లిం ఆడోళ్లు 1939 చట్టం కింద కోర్టుల విడాకులు అడగొచ్చు, ఒక్కసారే మూడుసార్లు తలాక్ చెప్పుడు 2019 నుంచి చెల్లదు, అది నేరం.

తండాలోళ్లు, చెంచులు ఇది తప్పక చూసుకోవాలె. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వివాహ చట్టం నేరుగా వర్తించదు, సెక్షన్ 2ల అట్లనే రాసి ఉంది. హిందూ పద్ధతిల పెళ్లి చేసుకున్నోళ్ల కేసులు కొన్ని కోర్టులు తీసుకున్నయి, కొన్నిటిల చిక్కులు వచ్చినయి. దేవరకొండ దిక్కున్నా అమ్రాబాద్ దిక్కున్నా వకీల్‌ని మొదటి రోజే "మాకు ఏ చట్టం కింద వేస్తున్రు సార్" అని అడగుండ్రి, సగం నడిచినంక తెలిస్తే మొదటికొస్తది.

కేసు వేయడానికి ఈ చోట్లల్ల ఏదైనా సరే:

- పెళ్లి జరిగిన ఊరు ఏ కోర్టు కిందకొస్తే ఆ కోర్టు
- ఇద్దరు ఆఖరుసారి కలిసి ఉన్న చోటు
- అవతలోళ్లు ఇప్పుడు ఉంటున్న చోటు
- వేసేది భార్య అయితే ఆమె ఇప్పుడు ఉంటున్న చోటు కూడా

అంటే పెళ్లి వనపర్తిల అయి, కాపురం ఎల్బీనగర్‌ల చేసి, ఇప్పుడు అమ్మాయి నకిరేకల్‌ల తల్లిగారింట్ల ఉంటే ఆమె నల్గొండ జిల్లాలనే వేసుకోవచ్చు, హైదరాబాద్ దాకా తిరగాల్సిన పని లేదు.

ఇంకోటి, 2022 జూన్‌ల కొత్త జ్యుడీషియల్ జిల్లాలు అయినంక సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటలకు ఎక్కడికక్కడ జిల్లా కోర్టులు వచ్చినయి. పాత లెక్కన అన్నిటికీ నల్గొండకో మహబూబ్‌నగర్‌కో పోవాలె అనుకుంటున్నోళ్లు ఇంకా ఉన్నరు. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట అండ్ల, లేని చోట మామూలు సివిల్ కోర్టుల నడుస్తది.

పెళ్లయి ఏడాది కూడా కాకపోతే మామూలుగా విడాకుల పిటిషన్ తీసుకోరు. మరీ భరించలేని కష్టం ఉన్నదని చూపెట్టి పర్మిషన్ అడగాలె. నెలనెలా ఖర్చులు ఇప్పించమని వేసే కేసుకు, గృహహింస కేసుకు మాత్రం ఈ ఏడాది అడ్డం లేదు.

## 3. జమ చేయాల్సిన కాగితాలు

వట్టి చేతులతోటి పోతే వకీల్ సాబ్ అందాజ మీద చెప్తడు, మీరు అందాజ మీద వింటరు. ఒక ప్లాస్టిక్ ఫైల్ కొనుక్కుని ఇవి పెట్టుండ్రి:

- పెళ్లి పత్రిక, ఇద్దరూ కనబడే పెళ్లి ఫోటోలు
- మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే అది. లేకపోయినా భయం లేదు, పెళ్లి అయిందని వేరే రకంగా చూపెట్టొచ్చు. కల్యాణలక్ష్మికో షాదీ ముబారక్‌కో పెట్టుకున్న కాగితాల జిరాక్సులు కూడా తీయుండ్రి
- ఇద్దరి ఆధార్, ఇప్పుడున్న అడ్రస్‌ది ఏదన్న ఒక రుజువు
- పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, స్కూల్ ఫీజుల రశీదులు
- పెళ్లప్పుడు పెట్టిన బంగారం, సామాన్లు, ఇచ్చిన పైసల లిస్టు, షాపు బిల్లులు, బ్యాంకు కాగితాలు
- దవాఖాన చీటీలు, పోలీస్ స్టేషన్ల ఇచ్చిన దరఖాస్తు కాపీలు, కౌన్సెలింగ్‌కు పిలిచిన కాగితాలు
- పంచాయతీల రాసుకున్నవి ఏవైనా
- అవతలోళ్ల జీతం, పొలం, ఇల్లు, షాపు గురించి మీకు తెలిసినంత వరకు

బంగారం లిస్టు దగ్గర కొంచెం టైం పెట్టుండ్రి. అమ్మాయికి తల్లిగారు పెట్టినది ఆమె సొంతం, అడిగి తీసుకునే హక్కు ఆమెకుంది. కానీ "మస్తు బంగారం పెట్టినం" అంటే కోర్టుల నిలబడదు, ఏ నగ ఎన్ని తులాలు, ఎవరు చేయించిన్రు, పెళ్లి ఫోటోల ఎక్కడ కనబడుతది అనేది నగ నగకు రాయాలె.

వాట్సాప్ మెసేజీలు, వాయిస్‌లు స్క్రీన్‌షాట్ తీసి ఊకోవద్దు, ఆ ఫోన్‌ను కూడా జాగ్రత్త చేయాలె. అసొంటి సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ పెట్టాల్సి ఉంటది. ఫోన్ మార్చిన్రా, ఫార్మాట్ కొట్టిన్రా, తర్వాత ఏడ్చినా రాదు.

ఒరిజినల్స్ ఎవ్వరికీ ఇయ్యొద్దు. రెండు సెట్ల జిరాక్సులు తీసి, ఒరిజినల్ ఫైల్ తల్లిగారింట్లనో నమ్మకమైనోళ్ల దగ్గరనో పెట్టుండ్రి.

## 4. తారీఖుల కాగితం

నా లెక్కల కేసు సగం గెలిచేది ఈ ఒక్క కాగితంతోటే. తెల్ల కాగితం తీసుకుని, కోపం పక్కకు పెట్టి, ఏ నెలల ఏం జరిగిందో వరుసగా రాయుండ్రి. ఒక్కో సంగతికి ఒక్క లైను, ఎక్కువ వద్దు.

"2021 మే, పెళ్లి, మిర్యాలగూడ. 2021 జూన్ నుంచి మలక్‌పేటల కిరాయి ఇల్లు. 2022 దసరాకు తల్లిగారింటికి పంపి రెండు నెలలు తీసుకపోలే. 2023 ఫిబ్రవరి, చెయ్యి విరిగింది, దవాఖాన చీటీ ఉంది, అప్పుడు పక్కింటి ఆమె చూసింది." ఇట్ల. ప్రతి లైను పక్కన కాగితం ఉంటే "ఉంది" అని, మనిషి చూసి ఉంటే వాళ్ల పేరు రాయుండ్రి. ఏమీ లేకపోతే ఖాళీగ వదిలేయుండ్రి.

తారీఖు గుర్తు లేకపోతే పండుగతోటో, పత్తి ఏరే కాలమనో, పిల్లగాని పుట్టినరోజుతోటో గుర్తు తెచ్చుకోండ్రి. ఉత్తగ తారీఖు కల్పించొద్దు, క్రాస్‌ల, అంటే అవతలి వకీల్ మిమ్మల్ని ప్రశ్నలు అడిగేటప్పుడు, ఆయన పట్టుకునేది దాన్నే.

మా చెల్లె ముందు రాసింది పదకొండు పేజీలు, అంతా ఏడుపే. మళ్లా కూసోబెట్టి రెండు పేజీలకు తెచ్చినం. వకీల్ ఆ రెండు పేజీలు చూసి పది నిమిషాలల్ల కేసు ఏందో అర్థం చేసుకున్నడు.

## 5. వకీల్‌ని వెతుకుడు

హైదరాబాద్ పెద్ద వకీలా, ఇక్కడి వకీలా అని మస్తుమంది అడుగుతరు. హైకోర్టు పని ఉంటే హైదరాబాద్ కావాలె కానీ, జిల్లా కోర్టుల రోజువారీ నడిచే కేసుకు అదే కోర్టుల రోజూ ఉండే వకీలే మేలు. వాయిదా పిలిచినప్పుడు మనిషి ఉండాలె కదా. ఒకవేళ అవతలోళ్లకు ఆ ఊరి బార్‌ల (వకీళ్ల సంఘంల) చుట్టరికాలు ఎక్కువ ఉంటే పక్క టౌన్ల నుంచి ఒకరిని పెట్టుకోండ్రి.

ఎట్ల వెతకాలె:

1. విడాకుల కేసు అయిపోయినోళ్లను అడగుండ్రి, గెలిచిన్రా అని కాదు, "ఫోన్ ఎత్తుతుండెనా, వాయిదాకు వస్తుండెనా" అని.
2. ఒకరోజు పొద్దున పదిన్నరకు కోర్టు ఆవరణల నిలబడుండ్రి. ఫ్యామిలీ కేసులకు ఎవరు ఎక్కువ తిరుగుతున్రో, పార్టీలతోటి ఎట్ల మాట్లాడుతున్రో కండ్లారా కనబడుతది.
3. కనీసం ఇద్దరు వకీళ్లతోటి మాట్లాడుండ్రి. మొదటాయన దగ్గరే వకాలత్ (ఈయనే నా వకీల్ అని రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టొద్దు.
4. ఎన్‌రోల్‌మెంట్ నంబర్ అడగుండ్రి. తెలంగాణ బార్ కౌన్సిల్‌ల నమోదైనోళ్లకు ఉంటది, మంచి వకీల్ దానికి ఏమీ అనుకోడు.

కోర్టు గేటు కాడ "నేను చూసుకుంటా" అని చెయ్యి పట్టి గుంజే మధ్యవర్తుల దగ్గరకు పోనే పోవద్దు. "మూడు నెలల గ్యారంటీ విడాకులు" అని ప్రకటనలు వేసేటోళ్లను కూడా నమ్మొద్దు, బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోవద్దు.

అడగాల్సిన ప్రశ్నలు రాసుకుని పోండ్రి:

- నా కేసుల బలహీనం ఏంది సార్?
- ఏ సెక్షన్ కింద, ఏ కోర్టుల వేస్తరు, ఎందుకు?
- ఇసొంటి కేసులు ఈ కోర్టుల ఎంతకాలం పడుతున్నయి?
- వాయిదాకు మీరే వస్తరా, జూనియర్ వస్తడా?
- నాకు కోర్టుకు రావాల్సింది ఏయే రోజులు, రాకపోయినా నడిచేది ఎప్పుడు?
- ఖర్చుల కేసు, పిల్లల కేసు దీనితోటే వేస్తరా, వేరే వేస్తరా?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు చూసి నిర్ణయం తీసుకోవచ్చు. "నీ కేసుల బలహీనం ఏమీ లేదమ్మా, వంద శాతం గెలుస్తం" అంటే ఇంకొకరిని చూసుకోండ్రి. "ఇక్కడ సాక్ష్యం తక్కువుంది, ఇది అవతలోడు ఇట్ల అడుగుతడు" అని చెప్పే మనిషి మీ ఫైల్ చదివిండన్నట్టు. "లేనిది కూడా రాద్దాం, గట్టిగుంటది" అనే వకీల్ దగ్గర నుంచి లేచి రావాలె, అబద్ధం బయటపడ్డ రోజు జడ్జి ముందర బోనుల ఉండేది మీరే, ఆయన కాదు.

పైసలు లేనోళ్లు వకీల్ దొరకడని ఊకోవద్దు. ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయం ఎంతున్నా ఫ్రీగా వకీల్‌ని ఇయ్యాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టంల ఉంది. జిల్లా కోర్టు ఆవరణల ఉన్న న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుల దరఖాస్తు పెట్టుండ్రి, లేదా 15100కు ఫోన్ చేయుండ్రి.

## 6. ఫీజు, సంతకాలు

ఫీజు అంతా ఒక్కసారే కట్టొద్దు. పిటిషన్ వేసినప్పుడు ఇంత, సాక్ష్యం మొదలైనప్పుడు ఇంత, ఆర్గ్యుమెంట్లకు ఇంత అని ముందే మాట్లాడుకోండ్రి. టైపింగు, కోర్టు ఫీజు, సమన్లు పంపే ఖర్చు అండ్లనే వస్తయా లేదా అని కూడా అడగుండ్రి. ఫోన్‌పేల పంపితే లెక్క ఉంటది, నోట్లు ఇస్తే చీటీ అడగుండ్రి. వచ్చే భరణంల పర్సంటేజీ ఇయ్యాలె అంటే ఒప్పుకోవద్దు, బార్ కౌన్సిల్ రూల్స్ దాన్ని ఒప్పవు.

సంతకాల దగ్గర:

- ఖాళీ కాగితం మీద, ఖాళీ బాండు మీద సంతకం పెట్టొద్దు, ఎంత నమ్మకమున్నా సరే
- పిటిషన్ ఇంగ్లీషుల ఉంటే లైను లైను తెలుగుల చెప్పించుకున్నంకనే సంతకం
- తారీఖులు మీ కాగితంతోటి సరిచూసుకోండ్రి
- వేసినంక పిటిషన్ కాపీ, కేసు నంబర్, 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ తీసుకోండ్రి

ఈకోర్ట్స్ యాప్‌ల ఆ సీఎన్ఆర్ కొడితే ఎప్పుడు వాయిదా, పోయినసారి ఏం జరిగింది అంతా కనబడుతది. మేము ఇది తెలియక మొదటి ఏడాది ప్రతిదానికీ గుమాస్తాకు ఫోన్ చేసుకుంట బతిమిలాడినం.

## 7. ఇద్దరూ ఒప్పుకుంటే

ఇది హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి. ఏడాది నుంచి విడిగా ఉండి ఉండాలె, ఇద్దరూ కలిసి ఒక్కటే పిటిషన్ వేయాలె.

1. భరణం, బంగారం, పిల్లలు, ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులు, ఈ నాలుగూ ముందే మాట్లాడుకుని ఒప్పంద కాగితం రాసుకోండ్రి. ఏ కేసు ఎవరు ఏ రోజు ఎట్ల ముగిస్తరో కూడా అండ్ల ఉండాలె.
2. పిటిషన్ వేసి ఇద్దరూ కోర్టుల చెప్తరు. దీన్ని ఫస్ట్ మోషన్ అంటరు.
3. ఆరు నెలల గడువు. ఇష్టం మార్చుకునే అవకాశం అన్నట్టు. 2017ల సుప్రీంకోర్టు చెప్పినంక, కలిసే ఆశ లేదని, అన్నీ తేల్చుకున్నమని చూపెడితే ఈ ఆరు నెలలు మాఫీ చేసే అధికారం కోర్టుకుంది. అడగాలె, అదంతట అదే రాదు.
4. 18 నెలల లోపట ఇద్దరూ మళ్లా వచ్చి అదే మాట చెప్తే డిక్రీ, అంటే విడాకులు ఇచ్చినట్టు కోర్టు ఉత్తర్వు.

డిక్రీ వచ్చే దాకా ఎవరైనా వెనక్కు తగ్గొచ్చు. అందుకే పైసలన్నీ ఫస్ట్ మోషన్‌కే ఇచ్చేయొద్దు, తీసుకునేటోళ్లు కూడా ఒట్టి మాట మీద ఆఖరి సంతకం పెట్టొద్దు. సగం మొదట, మిగిలింది ఆఖరి రోజు డీడీ రూపంల కోర్టు హాల్లనే అంటే ఇద్దరికీ భయం ఉండదు.

## 8. ఒక్కరే వేయాల్సి వస్తే

క్రూరత్వం, రెండేండ్లు వదిలేసి పోవుడు, వేరేవాళ్లతోటి సంబంధం, ఇట్ల చట్టంల చెప్పిన కారణం ఏదన్న ఒకటి రుజువు కావాలె. "మాకు పడుతలేదు" అనేది ఒక్కటే కారణంగ జిల్లా కోర్టుల సరిపోదు.

వరుస ఇట్లుంటది: పిటిషన్, నంబర్, సమన్లు, అవతలోళ్ల కౌంటర్ (వాళ్ల జవాబు), కౌన్సెలింగ్, మీ చీఫ్ అఫిడవిట్ (మీ సాక్ష్యం రాసిచ్చే కాగితం), క్రాస్, వాళ్ల సాక్ష్యం, ఆర్గ్యుమెంట్లు, జడ్జిమెంట్. ఏండ్లు పట్టొచ్చు, ముందే మనసుల అనుకోండ్రి.

కౌన్సెలింగ్‌కు పోకుండా ఉండొద్దు. కలపాలని చూసుడు ఫ్యామిలీ కోర్టుకు చట్టం పెట్టిన బాధ్యత. పోయి, గొంతు పెంచకుండా, మీ మాట నిమ్మళంగ చెప్పుండ్రి. చాలా కేసులు ఈడనే 13బి దిక్కు మళ్లుతయి.

మొగాయన బొంబాయిలనో దుబాయ్‌లనో ఉండి అడ్రస్ సరిగ్గ లేకపోతే సమన్ల దగ్గరే కేసు ఆగుతది. పని చేసే చోటు, అక్కడ ఉండే ఊరోళ్ల నంబర్లు ముందే జమ చేయుండ్రి. ఎంతకూ దొరకకపోతే పేపర్ల ప్రకటన ఇచ్చి నడిపే పద్ధతి ఉంది.

మీ మీదనే ఎక్కడో దూరంల వేసిన్రా? రాష్ట్రంలనే అయితే హైకోర్టుల, వేరే రాష్ట్రమైతే సుప్రీంకోర్టుల మీ దగ్గరి కోర్టుకు మార్చమని అడగొచ్చు.

## 9. ఖర్చులు, పిల్లలు

కేసు తేలేదాకా ఆకలితోటి ఉండమని ఏ చట్టమూ చెప్పలే. హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద మధ్యంతర భరణం, బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144 కింద నెలవారీ ఖర్చులు (పాత సీఆర్‌పీసీల 125 అదే), 2005 గృహహింస చట్టం కింద ఉండడానికి ఇల్లు, రక్షణ, ఖర్చులు అడగొచ్చు. ఒకదాంట్ల వచ్చింది ఇంకోదాంట్ల దాచొద్దు.

2020ల సుప్రీంకోర్టు చెప్పినంక ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్ ఇయ్యాలె. వకీల్ ఆ అఫిడవిట్ గురించి మాట్లాడకపోతే మీరే అడగుండ్రి. అవతలాయన జీతం తక్కువ చూపెడుతడని అందరికీ భయం ఉంటది, 3ల చెప్పిన పొలం, షాపు వివరాలు అక్కరకొచ్చేది అప్పుడే.

పిల్లలు ఐదేండ్ల లోపటోళ్లయితే మామూలుగా తల్లి దగ్గరే. ఆ పైన పిల్లలకు ఏది మంచిదని కోర్టు చూస్తది. తండ్రి చూసుకునే రోజులు, బతుకమ్మ, సంక్రాంతి సెలవులు ఎవరి దగ్గర అనేది వారం, టైంతోటి సహా రాయించుకోండ్రి. "అప్పుడప్పుడు చూస్తడు" అని రాస్తే ప్రతి పండుగకూ లొల్లే. పిల్లలకు అమ్మ గురించి నాయిన, నాయిన గురించి అమ్మ చెడ్డగ చెప్పుకుంట పోవద్దు, దయచేసి.

## 10. ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుకునే దారి

సమన్లు తీసుకోకుండా దాక్కునుడు. మీరు లేకుండానే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ పడుతది. పడితే 30 రోజులల్ల దాన్ని తీసేయమని పిటిషన్ వేయాలె, నోటీసు సరిగ్గ అందకపోతే తెలిసిన రోజు నుంచి లెక్క.

కోపంల ఇంటిల్లిపాది మీద కేసు. సంబంధం లేని ఆడబిడ్డ పేరు, ముసలవ్వ పేరు ఇరికిస్తే నిజంగ కొట్టినోని మీద ఉన్న కేసు కూడా పలచబడుతది. చేసినోళ్లదే, చేసిందే రాయుండ్రి.

స్టేటస్‌లు. కేసు నడుస్తున్నప్పుడు వాట్సాప్‌ల, ఇన్‌స్టాల పెట్టే ప్రతిదీ అవతలి ఫైల్‌ల పోతది.

వకీల్ నచ్చకపోయినా భయపడి ఉండుడు. మార్చుకునే హక్కు మీకుంది. మా మొదటి వకీల్ ఐదు వాయిదాలకు రాలే, అడిగితే కోపానికొచ్చిండు, ఎనిమిది నెలలు పోయినయి. మర్యాదగ చెప్పి, బాకీ తీర్చి, నో అబ్జెక్షన్ రాయించుకుని కొత్త వకాలత్ వేసినం. ఫీజు బాకీ ఉన్నదని ఫైల్ పట్టిపెట్టుకునే హక్కు వకీల్‌కు లేదని సుప్రీంకోర్టు 2000ల చెప్పింది.

## 11. డిక్రీ వచ్చిన రోజు

చేతుల ఏమీ లేకుండా ఇంటికి రావొద్దు, జడ్జిమెంటుకు, డిక్రీకి సర్టిఫైడ్ కాపీల కోసం కాపీ అప్లికేషన్ వెంటనే పెట్టించుండ్రి. రెండు మూడు సెట్లు తీసుకోండ్రి, పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి, మళ్లా పెళ్లికి అదే అడుగుతరు.

ఒక్కరు వేసి గెలిచిన కేసు అయితే అప్పీలుకు 90 రోజులు ఉంటది, ఆ గడువు అయిపోయి అప్పీలు పడలేదని వకీల్‌తోటి చూపించుకునే దాకా మళ్లా పెళ్లి ముచ్చట పెట్టొద్దు.

తర్వాత ఇవి మార్పించుండ్రి:

- ఆధార్‌ల అడ్రస్, రేషన్ కార్డుల పేరు
- బ్యాంకు, పీఎఫ్, ఎల్ఐసీ నామినీలు
- జాయింట్ అకౌంట్ మూసేయుడు
- పిల్లల స్కూల్‌ల ఎవరు తీసుకపోవచ్చో రాసిచ్చే కాగితం

నామినీలు మాత్రం ఆ వారంలనే మార్చుండ్రి. మా చెల్లె రెండేండ్లు మరిచిపోయింది, బ్యాంకుకు వేరే పని మీద పోతే పాత పేరే కనబడ్డది.